కోత పండుగ వేలంలో సైకిల్

సైకిల్ ఎందుకు కొంటున్నారని అడిగిన వాళ్లకు స్నేహలత మనిషిని బట్టి జవాబు చెప్పేది. డాక్టరుతో మోకాళ్ల మాట చెప్పేది. స్టాఫ్‌రూమ్‌లో పెట్రోలు పొగ మాట. భర్త జాన్సన్‌తో, రోజూ తనను స్కూటర్ మీద దింపి రావలసిన పని అతనికి తప్పుతుందన్న మాట. తనకు తాను చెప్పుకునేది మాత్రం వేరే ఉంది. మనిషి తక్కువ వస్తువులతో, తన కాళ్ల సత్తువ మీద బతకడం నేర్చుకోవాలి. ప్రతి ఉదయం కాఫీకి ముందు రెండు మూడు పుటలు తత్వశాస్త్రం చదివే అలవాటు ఆమెకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. చదివినది బతుకులో ఎక్కడో ఒకచోట కనిపించకపోతే ఆ చదువు ఎందుకని అనుకునేది. ఆ కనిపించే చోటు సైకిల్ కావాలని ఈ ఏడు నిర్ణయించుకుంది.

ఆమె మెదక్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతుంది. పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. జాన్సన్‌కు ఇక్కడి కరెంటాఫీసుకు బదిలీ అయినప్పుడు, ఆరేళ్ల క్రితం, ఇద్దరూ వచ్చి స్థిరపడ్డారు. ఇల్లు ఊరికి ఒక కొసన, కాలేజీ ఇంకో కొసన. మధ్యలో బజారు, బస్టాండు, చౌరస్తా. సైకిల్‌కు సరిగ్గా సరిపోయే దూరం.

బజారులో సైకిళ్ల దుకాణానికి ఒక సాయంత్రం వెళ్లింది. బుట్ట తగిలించిన గులాబీ రంగు సైకిళ్లు, లావు టైర్ల గేరు సైకిళ్లు పైకప్పు కొక్కేలకు వేలాడుతున్నాయి. దుకాణదారు మర్యాదగా లేచి, పాప ఎంత ఎత్తు ఉంటుందని అడిగాడు. పాపకు కాదు, నాకే అంది. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు సులువయ్యేది. వెంటనే ఒక సైకిల్ దింపి, రోడ్డు మీద పెట్టి, ఎక్కి చూడమన్నాడు. ఎదుట మిర్చి బజ్జీల బండి దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరో తన విద్యార్థి తండ్రి కాబోలు, నమస్తే మేడం అన్నాడు. ఆమె హ్యాండిల్ మీద చేయి వేసి, తీసేసి, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేసింది.

ఇంటికి నడుస్తూ, దేనికి సిగ్గుపడ్డానని తనను తాను విచారించుకుంది. సైకిల్‌కు కాదు. కొత్తదానికి. కొత్త సైకిల్ మీద నడివయసు మనిషి ఏదో కొత్త సరదా మొదలుపెట్టినట్టు ఉంటుంది. పాతదైతే అలా ఉండదు. పాత సైకిల్ తొక్కేవాళ్లు ఎన్నో ఏళ్లుగా అంతే నిరాడంబరంగా బతుకుతున్నట్టు కనిపిస్తారు. పాతదే వెతకాలనుకుంది. బతకని ఏళ్లను బతికినట్టు చూపించాలనే కోరిక అందులో ఉందని ఆమెకు అప్పుడు తట్టలేదు.

వాళ్ల కాలనీ చర్చి చిన్నది. రేకుల కప్పు, ముందు చదును చేసిన మట్టి ఆవరణ. అక్కడ నిలబడితే ఊరి పెద్ద చర్చి గోపురం ఇళ్ల మీదుగా కనిపిస్తుంది. వరి కోతలయ్యాక ప్రతి ఏడూ ఆవరణలో కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలోంచి, ఎవరి ఇంట్లోంచి వాళ్లు కానుక తెస్తారు. వరి కట్టలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, తట్టల్లో అరిసెలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. స్నేహలత ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా వేలానికి ఆగలేదు. ఆరాధన తర్వాత మౌనంగా ఉండాలనిపిస్తుందనేది. కోళ్ల అరుపులు, కేకలు, బేరాలు ఆమెకు పడేవి కావు. సికింద్రాబాద్‌లో వాళ్ల చర్చిలోనూ వేలం ఉండేది కానీ అక్కడ పచ్చళ్లు, కేకులు కొనుక్కుని కారులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఇక్కడా అంతే అనుకుంది. ఈసారి జాన్సన్‌ను సంఘం కమిటీలో వేశారు. అతను ఉండక తప్పదు కనుక ఆమె కూడా వెనక వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

వేలం వేసేది యాకోబు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మైకు ఇచ్చినా పట్టుకోడు. ఒక కోడిని రెక్కలు పట్టి ఎత్తి, "ఈ కోడి సంగతి మీకెర్కలేదు, ఆయితారం ప్రార్థన మొదలైతే కూత బందు వెడ్తది. గిసొంటి కోడి మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా? పాడుండ్రి" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. స్నేహలతకు కూడా నవ్వు వచ్చింది.

తర్వాత ఇద్దరు కలిసి ఒక సైకిల్‌ను నడిపించుకుంటూ తెచ్చారు. నల్లటి లేడీస్ సైకిల్. రంగు అక్కడక్కడ లేచిపోయింది కానీ చక్రాల పుల్లలు మెరుస్తున్నాయి. గొలుసు నిండా నూనె. వెనక క్యారియరు, హ్యాండిల్‌కు సంచి తగిలించే కొక్కెం, పెద్ద ఇత్తడి బెల్లు. స్నేహలత నిటారుగా కూర్చుంది.

యాకోబు గొంతు తగ్గించాడు. "మన సౌభాగ్యమ్మ పోయినేడు జారి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నది. ఈ చెయ్యి మల్ల లేస్తే నా సైకిల్ దేవునిదే అని మొక్కుకున్నది. లేసింది చెయ్యి. ఇగ పాడుండ్రి."

సౌభాగ్యమ్మ సైకిల్ పక్కనే నిలబడి ఉంది. అరవై దగ్గరపడిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. ముందు చాప మీద కూర్చుని అందరికంటే సగం చరణం ముందుగా పాడే ఆమెగానే స్నేహలతకు తెలుసు. ఏం పని చేస్తుందో ఎన్నడూ అడగలేదు.

వెనక నుంచి ఎవరో చిన్న పాట పాడారు. స్నేహలత చెయ్యెత్తి దానికి రెట్టింపు చెప్పింది. అందరూ తిరిగి చూశారు. ఆ ముఖాల్లో ఆశ్చర్యం ఉంది, అంతకంటే ఎక్కువగా సంతోషం ఉంది. తన మీద గౌరవం కొద్దీ ఎవరూ పైకి పాడడం లేదనుకుంది. యాకోబు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనే మాటల్ని ఒకే ఊపిరిలో అనేశాడు. చప్పట్లు. ఎవరో స్తోత్రం అన్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థనకు సిద్ధమై సైకిల్ దగ్గరకు వచ్చి నిలబడ్డారు. సౌభాగ్యమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

స్నేహలత వెళ్లి సీటు మీద చేయి వేసింది. "చాలా మంచిగ పెట్టుకున్నరమ్మా. నేను కూడా జాగ్రత్తగ చూసుకుంట" అంది.

సౌభాగ్యమ్మ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు గొంతు సవరించుకుని, ఈ సైకిల్ మీద మేడం గారి రాకపోకలు క్షేమంగా జరగాలని ప్రార్థించారు. సౌభాగ్యమ్మ రవికెలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. తర్వాతి కోడిని ఎత్తినప్పుడు యాకోబు ఏ పరాచికమూ ఆడలేదు. స్నేహలత అది గమనించింది. అలిసిపోయాడనుకుంది.

మరునాటి నుంచి ఆమె సైకిల్ మీద కాలేజీకి వెళ్లింది. మొదట హ్యాండిల్ వణికింది. చౌరస్తా దాటేటప్పుడు ఆటోలు మీదికి వచ్చినట్టనిపించి దిగి నడిపించుకుంది. రెండో నాటికి చేతులు కుదిరాయి. గాలి చెవుల పక్క నుంచి పోతుంటే, ఇన్నాళ్లూ ఒకరి వీపు వెనక కూర్చుని చూసిన ఊరిని ఎదురుగా చూస్తున్నాననుకుంది. స్టాఫ్‌రూమ్‌లో అడిగిన వాళ్లకు వేలంలో కొన్న పాత సైకిలే అని చెప్పింది. పాత అనే మాటను కొంచెం ఒత్తి పలికింది.

ఒక ఉదయం పెద్దరోడ్డు మీద ట్రాక్టర్ల బారు నిలిచిపోతే గల్లీలోకి తిరిగింది. మలుపులో గేదె అడ్డంగా పడుకుని ఉంది. బెల్లు కొట్టింది. ఇత్తడి బెల్లు కదా, గల్లీ అంతా మోగింది. పక్కనే ఉన్న ఇంటి తలుపు తెరుచుకుని ఒక యువతి గబగబా బయటికి వచ్చింది. ఆమె ముంజేతి మీద ఒంటి నిండా నూనె పట్టించిన పసిపిల్ల, బట్ట లేకుండా, మెరుస్తూ కాళ్లు ఆడిస్తోంది. భుజం మీద తువ్వాలు. వెనక వాకిట్లో గంగాళం నిండా వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి.

ఆమె సైకిల్‌ను చూసింది, సైకిల్ మీది మనిషిని చూసింది.

"సౌభాగ్యవ్వ ఏది?" అంది.

స్నేహలత కాలు నేల మీద ఆనించింది. తాను ఈ సైకిల్‌ను వేలంలో కొన్నానంది. ఆ యువతి పేరు చంద్రిక అని, సౌభాగ్యమ్మ పసిపిల్లలకు నూనె రుద్ది నీళ్లు పోస్తుందని, బాలింతల ఒళ్లు పడుతుందని, ఊరు ఈ కొసనుంచి ఆ కొస దాకా పొద్దెక్కకముందే ఇళ్లన్నీ చుట్టి వస్తుందని, బెల్లు వినపడితే ఇక్కడి ఆడవాళ్లు నీళ్లు తోడుకుంటారని ఆ వాకిట్లో నిలబడే తెలిసింది. రెండు మూడు దినాల నుంచి అవ్వ రావడం లేదని, జ్వరమేమో అనుకున్నామని చంద్రిక చెప్పింది. చంద్రిక చర్చికి పోయే మనిషి కాదు. గడపకు పసుపు, నుదుట కుంకుమ ఉన్నాయి. అయినా ఆమె అయోమయంగా అడిగింది.

"వేలంల ఎవ్వరు పాడినా, ఇచ్చినోళ్లది ఇచ్చినోళ్లకే మల్ల ఇస్తరు గద మేడం? అవ్వనే చెప్పింది. నిరుడు ఎవరిదో మ్యాకపిల్లను గట్లనే ఇచ్చిన్రంట. దేవుడే మల్ల ఇచ్చిండంటరంట. మీకు చెప్పలేదా ఎవ్వరు?"

పిల్ల చలికి ఏడవడం మొదలుపెట్టింది. చంద్రిక పిల్లను గుండెకు హత్తుకుని, ఇక నేనే నీళ్లు పొయ్యాలె, నాకు భయమైతది అంటూ లోపలికి వెళ్లింది. గేదె ఎప్పుడు లేచి పోయిందో స్నేహలత చూడలేదు. సైకిల్ దిగి, కాలేజీ దాకా నడిపించుకుంటూ వెళ్లింది. దారిలో ఒక్కసారి కూడా బెల్లు ముట్టుకోలేదు.

ఆ రోజంతా పాఠాల మధ్య ఆమె మనసు ఒక వాదనను కట్టింది. తిరిగి వస్తుందని తెలిసి ఇచ్చేది ఇవ్వడమెలా అవుతుంది? దేవునికి ఇచ్చామని అందరి ముందు చెప్పి, మళ్లీ ఇంటికి తెచ్చుకునే కానుక ఒక ఆట కాదా? ఆ ఆవరణలో మొక్కును అక్షరాలా నమ్మింది తానొక్కతే. సౌభాగ్యమ్మ ఇచ్చానంది, తాను ఇచ్చిందనే అనుకుంది. సాయంత్రానికి వాదన పూర్తయింది. ఎక్కడా పగులు లేదు. అంత నున్నగా ఉండడమే ఆమెను భయపెట్టింది. నిజం చెప్పుకునేటప్పుడు మాటలు ఇంత చక్కగా కుదిరిన జ్ఞాపకం ఆమెకు లేదు.

ఆ మనుషులు మొక్కిన వస్తువును నిజంగానే వదులుకుంటారు. వేలం పాట మొదలైనప్పటి నుంచి, పాడినవాళ్లు తిరిగి చేతిలో పెట్టేదాకా ఆ వస్తువు వాళ్లది కాదు. ఆ కాసేపు వాళ్లు పక్కవాళ్ల మీద భారం వేసి నిలబడతారు. సౌభాగ్యమ్మ కూడా అలాగే, ఒక అడుగు ముందుకు వేసి, తన ముందు నిలబడింది.

ఇంటికి వచ్చి జాన్సన్‌కు చెప్పింది. అతను బూట్ల లేసు విప్పుతూ తల ఎత్తలేదు. అతనికి తెలుసని ఆమెకు అర్థమైంది.

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే."

"మరి చెప్పకపోయినవ్?"

జాన్సన్ రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు. "నువ్వు చెయ్యెత్తినప్పుడు అందరు ఎంత ఖుషీ అయిన్రో చూసినవా? మేడం ఇన్నేండ్లకు మనలో కలిసిందనుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. ఇస్తవని చూసిన. ఇయ్యకపోతే, ఏమో, నీ ఆలోచన ఏదో ఉంటదనుకున్న." ఆగి, ఇంకొంచెం మెల్లగా అన్నాడు. "నీకు ఏదన్న తెల్వదని చెప్పాలంటే నాకు జర భయమే స్నేహా. నాకే కాదు, అందరికి."

ఆ మాటకు ఆమెకు కోపం రావలసింది. రాలేదు. అతని ఎదుట కుర్చీలో కూర్చుని తన అరచేతుల్ని చూసుకుంది. ఆరేళ్ల పాటు తాను మౌనం అనుకున్నది వాళ్లకు మూసిన తలుపులా కనిపించింది. తలుపు కొట్టి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోవడాన్ని ఆమె గౌరవం అనుకుంది.

శనివారం కాలేజీ ఒంటిపూట. ఎండలో సైకిల్‌ను నడిపించుకుంటూ సౌభాగ్యమ్మ ఇంటికి వెళ్లింది. చర్చి వెనక గల్లీలో ఒక గది, ముందు చిన్న అరుగు. సౌభాగ్యమ్మ అరుగు మీద కాళ్లు చాపి కూర్చుని, పాదాలకు వేపనూనె రాసుకుంటోంది. మడమలు పగిలి ఉన్నాయి.

"వందనాలు మేడమ్మా. గింత ఎండల నడిపిచ్చుకుంట వస్తున్నరు, పంచరైందా?"

"లేదమ్మా. మీ సైకిల్ మీకు ఇద్దామని తెచ్చిన. నాకు తెలవలేదు."

"ఏం తెలవలేదు?"

"తిరిగి ఇయ్యాలని."

"ఇయ్యాలని రూలేం లేదు. పాడిన్రు, కట్టిన్రు, తీస్కపోయిన్రు. గండ్ల తప్పేమున్నది." సౌభాగ్యమ్మ రెండో పాదం ఒళ్లోకి లాక్కుంది. "కూసోండ్రి. నీళ్లు తాగుతరా?"

స్నేహలత కూర్చోలేదు. దూరపు ఇళ్లకు వెళ్లలేకపోతున్నారని విన్నాను, ఆ పసిపిల్లల తల్లులు ఎదురుచూస్తున్నారు అంది. సౌభాగ్యమ్మ ఔనంది. దాచలేదు. నడిచి పోతే పొద్దెక్కుతోంది, నీళ్లు చల్లారిపోతున్నాయి, అందుకే ఆ కొస ఇళ్లు విడిచిపెట్టానని, ఈ కొసవి చేసుకుంటున్నానని చెప్పింది.

"అందుకేనమ్మా, తీసుకోండి."

"తీస్కోను."

కోపం లేదు ఆ గొంతులో. కూరగాయల బండివాడికి వద్దన్నట్టు అంది. స్నేహలత తాళంచెవి చాపింది. సౌభాగ్యమ్మ నూనె సీసా మూత పెట్టి, ఆమె ముఖంలోకి చూసింది.

"గా దినం గక్కడ ఇచ్చి ఉంటే, దేవుడే మల్ల ఇచ్చిండని కండ్లకద్దుకొని తీస్కుందు. గా ముచ్చట గక్కడనే అయిపాయె. ఇప్పుడిస్తే మీరిచ్చినట్టు. చెయ్యి మంచిగైందని దేవునికిచ్చినదాన్ని మేడమ్మ దగ్గర అడుక్కొని తెచ్చుకున్నట్టయితది."

"ఎవ్వరూ అట్ల అనుకోరమ్మా."

"నేననుకుంట గద."

లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. స్నేహలత తాగింది. గల్లీలోకి సైకిల్ తిప్పుతుంటే వెనక నుంచి ఆమె మాట వినిపించింది. "మంచిగనే తొక్కుతున్నరంట, నన్ను చూడొచ్చి చంద్రిక చెప్పింది. బెల్లు మాత్రం ఊకె కొట్టకుండ్రి మేడమ్మా. పాపం, పోరగాండ్లకు నూనె రాసుకొని కూసుంటున్నరు."

ఆ సాయంత్రం జాన్సన్ ఒక ఉపాయం చెప్పాడు. రేపు నువ్వు కూడా సైకిల్‌ను కానుకగా పెట్టు, యాకోబన్నతో మాట్లాడతాను, మళ్లీ వేలం వేస్తాడు, నేనే పాడి సౌభాగ్యమ్మకు ఇస్తాను. స్నేహలత ఆలోచించింది. "అట్లయితే ఇచ్చింది నేనాయె, అందరు కలిసి మల్ల నాకే ఇస్తరు" అంది. ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వు ఆగాక గదిలో ఇంకా బరువుగా అనిపించింది. అయ్యగారికి ఇచ్చి, ఆయన చేత చాటుగా ఇప్పించమని కూడా అన్నాడు. చాటుగా అన్న మాట దగ్గర ఆమె తల అడ్డంగా ఊపింది. చాటుగా అనేది తనకు అనుకూలం. చెడింది అందరి ముందు కాబట్టి బాగయ్యేది కూడా అందరి ముందే కావాలి.

ఆదివారం ఆరాధనలో పాటల తర్వాత సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఎవరైనా లేచి, తమకు వచ్చిన కష్టమూ దేవుడు దాన్ని తీర్చిన తీరూ చెబుతారు. సాక్ష్యాల ఆకారం స్నేహలతకు బాగా తెలుసు. మొదట చీకటి, చివర వెలుగు. ఆమె ఈ ఆరేళ్లలో ఆ సమయంలో లేచింది లేదు. ఉదయమే కాగితం లేకుండా మాటలు సిద్ధం చేసుకుంది. మూడు వాక్యాలు. తరగతిలో నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడే మనిషికి అవి లెక్కలోవి కావు.

లేచి నిలబడింది. చాపల మీది ఆడవాళ్లంతా వెనక్కి తిరిగారు. మొదటి వాక్యం గుర్తు రాలేదు. సౌభాగ్యమ్మ ఒక్కతే తిరగలేదు. బైబిలు అట్ట మీద వేళ్లు పెట్టుకుని ముందుకే చూస్తోంది.

"సైకిల్ సంగతి" అంది స్నేహలత. "నాకు తెలవదని అందరికి చెప్పుకుంటున్న. ఆరేండ్లు మీ మధ్యల ఉండి తెలుసుకోలేదు. గా దినం సౌభాగ్యమ్మ నా ముంగట నిలబడ్డది. ఎందుకు నిలబడ్డదని నేను ఒక్కసారన్న అడగలే." అక్కడితో మాటలు అయిపోయాయి. ముగింపు లేదు. తాళంచెవి పిడికిట్లోనే ఉంది. "నేనిస్తే తీస్కోనన్నది. అది నిజమే. సంఘం తీస్కోవాలె. ఇది నాది అన్న మాట ఇడ్శిపెడుతున్న" అని, ముందుకు నడిచి తాళంచెవిని కానుకల పళ్లెంలో వేసింది.

పళ్లెం ఇత్తడిది. తాళంచెవి పడ్డ చప్పుడు గోడల దాకా వెళ్లింది. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు యాకోబు వైపు చూశారు. యాకోబు లేచి వచ్చి, పళ్లెంలోంచి తాళంచెవి తీసి, స్నేహలత వైపు చూడకుండా, సౌభాగ్యమ్మ చాప దగ్గరకు వెళ్లి వంగాడు. వేలం గొంతు కాదు, మామూలు గొంతుతో అన్నాడు.

"అక్కా, దేవుడు మల్ల ఇచ్చిండు. తీస్కో."

సౌభాగ్యమ్మ కొంతసేపు కదలలేదు. ఆ కొంతసేపూ స్నేహలత నిలబడే ఉంది. తర్వాత సౌభాగ్యమ్మ బాగైన చేతిని చాపి తాళంచెవి అందుకుని, కళ్లకు అద్దుకుని, రవికెలో పెట్టుకుంది. అయ్యగారు తర్వాతి పాట అంకె చెప్పారు. సౌభాగ్యమ్మ అందరికంటే సగం చరణం ముందుగా మొదలుపెట్టింది.

ఆరాధన అయ్యాక ఆవరణలో టీ ఇస్తున్నారు. ఉదయం తెచ్చి పెట్టిన సైకిల్ గోడకు ఆనించి ఉంది. స్నేహలత తొందరగా వెళ్లిపోవాలనుకుంది. చెప్పాల్సింది చెప్పింది, ఇక ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంటే చాలు. కానీ గేటు దగ్గరకు వెళ్లేలోపు సౌభాగ్యమ్మ సైకిల్ ఎక్కబోయి దిగింది. మళ్లీ ఎక్కబోయింది. కాలి బొటనవేలు కూడా నేలకు ఆనడం లేదు.

"సీటు లేపిచ్చిన్రా మేడమ్మా?"

స్నేహలత ఆగింది. వేలం మరునాడే లేపించింది. తాను పొడగరి. ఆ సంగతి ఆమెకు అసలు గుర్తే లేదు.

"అవునమ్మా."

"దింపాలె."

ఆ మాట అడిగినట్టు లేదు, తిట్టినట్టు లేదు. స్నేహలత జాన్సన్ స్కూటర్ డిక్కీలోంచి పానా తెచ్చింది. ఇటివ్వు, నేను చేస్తానని జాన్సన్ చేయి చాపాడు. ఆమె ఇవ్వలేదు. ఆదివారం కట్టుకునే తెల్లచీరతో మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, సీటు కింద బోల్టుకు పానా పట్టించింది. బోల్టు కదలలేదు. ఎటు తిప్పితే వదులవుతుందో కూడా ఆమెకు రూఢిగా తెలియదు. మొదట బిగించే వైపు తిప్పింది. చుట్టూ టీ గ్లాసులతో నిలబడ్డ జనం చూస్తున్నారు. ఎవరూ సలహా చెప్పలేదు, ఎవరూ ముఖం తిప్పుకోలేదు. ఇంకో వైపు తిప్పింది. బోల్టు కిర్రుమని వదిలింది.

సీటు కిందికి నెట్టి చూపించింది. సౌభాగ్యమ్మ ఎక్కి చూసి, ఇంకా అంది. మళ్లీ దిగింది. స్నేహలత మళ్లీ వదులు చేసి, నెట్టి, బిగించింది. సౌభాగ్యమ్మ ఎక్కింది. పాదాలు రెండూ నేల మీద ఆనాయి. ఒకసారి ముందుకు, వెనక్కి కదిలించి చూసుకుంది.

"గట్టిగ బిగిచ్చిన్రా? ఈ చెయ్యి మల్ల ఇరగొద్దు."

స్నేహలత పానా తీసుకుని, లోపలున్న బలమంతా పెట్టి, ఇంకొక్కసారి బిగించింది. సౌభాగ్యమ్మ తల ఊపి, కొంగు నడుముకు చెక్కి, గేటు దాటి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

మోకాళ్ల మీది మట్టి దులుపుకోవడానికి స్నేహలత చేతులు ఎత్తి, వాటి నిండా ఉన్న నల్ల గ్రీజు చూసి, అలాగే ఉండిపోయింది. గేటు తెరిచే ఉంది. ఇంటికి పోదామా అని జాన్సన్ మెల్లగా అడిగాడు. ఆమె వద్దంది. అక్కడ మిగిలిన మనుషుల మధ్య, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక, ఎవరైనా ఏదైనా అంటారేమోనని, నిలబడింది.